పదకొండో వారం

పోర్తోలో నా రక్తం తీసిన అమ్మాయి
సీసా మీద పేరు రాస్తూ
లియొనిల్దెలో ఒక అక్షరం మింగేసింది.
దిద్దమని చెప్పడానికి ఆ క్షణాన నోరు రాలేదు.
అప్పట్నుంచీ ఆ అక్షరం గురించే బెంగ.
అది లేని పేరున్న ఇంకెవత్తో
నా బదులు జవాబు చెబుతుందేమోనని.

మొదట అయిదు వారాలన్నారు.
తర్వాత యంత్రం చెడిందన్నారు.
తర్వాత ఆగస్టు అన్నారు,
ఆగస్టు కూడా ఒక జబ్బయినట్టు.
నిన్న ఫోన్ చేస్తే పద్దెనిమిది నిమిషాలు పియానో వినిపించి
ఎవరూ పలక్కుండానే పెట్టేశారు.

మా వర్జీం రేవులో దీన్ని చిన్ని పాదాల జబ్బంటారు.
పేరు వింటే పసిపిల్లలదేమో అనిపిస్తుంది.
కాదు, ముప్ఫై దాటాక వస్తుంది.
వేళ్ళ కొసల్లో మొదలై పైకి పాకుతుంది,
ఆటు మరిచిపోయి పోటొక్కటే గుర్తున్న నీళ్ళలా.

అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉండగా
జారిన నిప్పుకణిక ఆమె మడమ కిందే ఆరిపోయింది.
వాసన ముందు మాకే తగిలింది.
"చేప మాడిందా?" అంది అమ్మ
పెనం వైపు వంగి చూస్తూ.

మా అన్న బెల్మీరో పరీక్షకి రానన్నాడు.
"వేటకి పోయేవాడు ఈత నేర్చుకోకూడదే,
మునగడం ఆలస్యమవుతుంది, అంతే" అని నవ్వాడు.
వాడు పడవ దిగి వస్తుంటే
చేపల బుట్ట చూస్తున్నట్టు నటించి
వాడి నడక చూస్తాను.
వాడూ నా నడక చూస్తున్నాడని
ఈ మధ్యే తెలిసింది.

మా వాళ్ళకి పేర్లు రాయడం రాకముందే గుర్తులుండేవి.
నాన్నది ఒక సిలువ, దాని కింద రెండు గీతలు.
వల బెండ్ల మీదా, చుక్కాని మీదా,
తాత సమాధి రాయి మీదా అదే.
పెద్దవాడికి ఒక గీత చేర్చి ఇస్తారు.
కడగొట్టు బిడ్డకి మాత్రం ఏమీ చేర్చరు,
ఉన్నదున్నట్టు అప్పగిస్తారు.
కడగొట్టుదాన్ని నేనే.
చిన్నప్పుడు దానికెంత మిడిసిపడ్డానని!

రక్తానికి ఆ కట్టుబాటు లేదని
డాక్టరమ్మ కాగితం మీద గుండ్రాలు గీసి చెప్పింది.
ఏ బిడ్డకి ఆ బిడ్డే, ఎవరి బొమ్మాబొరుసు వాళ్ళదే.
తలూపాను.
ఇంటికొచ్చి అటక మీంచి నాన్న బెండొకటి దించి
గీతలు లెక్కపెట్టాను.
రెండే.

చర్చి ముందు కొట్లో మైనపు పాదాలు అమ్ముతారు.
"ఎడమదా, కుడిదా?" అడిగింది ముసలావిడ.
"జత" అన్నాను.
మొక్కు తీరాక మేరీమాత ముందు పెట్టాలి,
తీరేదాకా ఎక్కడ పెట్టుకోవాలో
ఎవరూ చెప్పరు.
ఎండకి బొటనవేలు వంగుతోందని
ఫ్రిజ్‌లో వెన్న పక్కన దాచాను.
రాత్రి మంచినీళ్ళకని తలుపు తెరిస్తే
ఆ చిన్న దీపం వెలుగులో
ఎవరో లోపలికి నడిచి వెళ్ళిపోతూ
పాదాలు మాత్రం వదిలేసినట్టు.

పక్కింటి జుల్మీరా సూప్ తెస్తుంది,
కబురు రాలేదంటే మంచి కబురేనంటుంది.
ఆవిడ మొగుడు తుఫానులో పోయినప్పుడు కూడా
కబురు రాలేదు.
ఆ మాట ఆవిడకే గుర్తొచ్చి
గిన్నె వదిలేసి వెళ్ళిపోయింది.

రోజూ లేవగానే చెప్పులు మంచం కిందకి నెట్టి
వంటింటి రాతి పలకల మీద నిలబడతాను.
చల్లగా ఉందా? ఉంది.
ఎడమకాలికి? ఉంది.
చిటికెనవేలికి?
ఉందనుకుంటా.
ఆ 'అనుకుంటా'ని కలుపుకునే కాఫీ తాగుతాను.

ఇవాళ ఇరియా నా పక్కన వచ్చి నిలబడింది.
దానికి తొమ్మిదేళ్ళు.
ఇదేదో ఆటనుకుంది.
ఎప్పట్నుంచి చూస్తోందో మరి,
మేజోళ్ళు విప్పి చేతిలో పట్టుకుని ఉంది.
"నాకు రెండు కాళ్ళూ జివ్వుమంటున్నాయి,
నీకూ?" అంది.

గోడ గడియారంలో ఏడున్నర.
ఆసుపత్రిలో ఫోన్ ఎత్తేది తొమ్మిదికి.
"నాకూ" అన్నాను.
"అయితే ఎవరు ముందు కదిలితే వాళ్ళు ఓడిపోయినట్టు" అంది.

పాలు పొంగుతున్నాయి.
ఇద్దరం కదల్లేదు.