మెడకొచ్చిన బిందె

వారాసిగూడలో మాకు
రోజు విడిచి రోజు నల్లా.
పొద్దున నాలుగున్నరకు
ముందు గాలి వస్తది,
పైపులో ఎవరో ముసలాయన
గొంతు సవరించుకుంటున్నట్టు.
తర్వాతనే నీళ్లు.

ఆ గాలికీ ఆ నీళ్లకూ నడుమ
నా ఆరేండ్ల వయసులో
ఎంత జాగా ఉండెనో చెప్తే నమ్మరు.
గచ్చు మీద కూర్చొని
చీమల బారు మొత్తం లెక్కబెట్టేదాన్ని.
సుగుణక్క జడకు ఊడిన రిబ్బను మళ్లీ కట్టేదాన్ని.
కరీమున్నీసా ఖాలా వాళ్ల కోడి
గోడెక్కి, కూసి, ఆలోచించి, దిగేది.
నేనొక కునుకు తీసి, కల కని,
ఆ కల అక్కకు చెప్పి
తన్నులు కూడా తినేదాన్ని.
అప్పటికీ గాలే.

ఇప్పుడు
మోటరు వేసి పాలపాకెట్ కత్తిరించే లోపల
సంపు నిండి గల్లీల పారుతుంటది.
"నిన్ననే కద వచ్చింది నల్లా?"
"పర్సోం, నానీ" అంటది కింది వాటాల పిల్ల, ఇఫ్రా.

పర్సోం.
ఖాలా నోట్లో ఆ మాట
మొన్న కావచ్చు, ఇరవై ఏండ్ల కింద కావచ్చు.
పడిపడి నవ్వేవాళ్లం.
ఇప్పుడు నా బతుకంతా అదే లెక్కల నడుస్తున్నది.

నుమాయిష్‌ల కొన్న చద్దరు
మడత విప్పకముందే
నాంపల్లిలో మళ్లీ రంగులరాట్నం బిగిస్తున్నరు.
వినాయకుడు ట్యాంక్‌బండ్ కాడ ఇట్ల మునిగి
అట్ల లేచి వస్తున్నడు,
ఒళ్లు కూడ తుడుచుకోకుండ.

మా మరిది లెక్కల సారు.
ఆరేండ్ల పిల్లకు ఏడాదంటే బతుకుల ఆరో వంతు,
నీకు అరవై మూడో వంతు వదినా, అన్నడు,
చాక్‌పీసు లేకుండనే.
లెక్క కరెక్టే.
కరెక్టు లెక్కలతోటి
నాకెప్పుడూ కడుపు నిండలే.

అమ్మ లెక్క వేరే.
వంటింట్ల రొట్టె కాలుస్తూ
బయట ఇత్తడి బిందె చప్పుడు వినేది.
అడుగున బోలుగా, బుడబుడమని,
పొట్ట దాకా అదే పాట, ఎంతకూ తెగనిది.
ఉన్నట్టుండి సన్నబడేది.
"మెడకొచ్చింది, తియ్యే!"
నేను లేచే లోపల పొర్లిపోయేది.

ధార మారలే.
నల్లా ఎవరూ ఎక్కువ తిప్పలే.
పొట్ట కాడ వెడల్పు,
మెడ కాడ ఇరుకు.

అంతేనా అంటే, అంతే కాదు.
పోయిన బేస్తవారం
కూకట్‌పల్లికి, సుగుణక్కను చూడ పోతూ
అమీర్‌పేటల దిగి మెట్రో మారుడు మరిచిపోయిన.
ఆఖరి స్టేషన్ రాయదుర్గం.
అద్దాల బిల్డింగులు, ఒక్కటీ నన్ను గుర్తుపట్టలే.
మెడల పట్టీలు వేసుకున్న పిల్లలు
కప్పుల్ల చాయి పట్టుకొని ఉరుకుతున్నరు.
రెండు బిల్డింగుల నడుమ
రాయి మీద రాయి, దాని మీద ఇంకో రాయి,
ఎవరూ కూలగొట్టుడు మరిచినట్టు నిలబడున్నది.
దాన్నే చూసిన. దాని నీడ జరిగేది చూసిన.
కంకులమ్మే ఆయన బొగ్గులు విసురుతుంటే
ఒక్కొక్క నిప్పురవ్వను పేరు పెట్టి పిలవొచ్చు అనిపించింది.

వాచీ చూస్తే నలభై నిమిషాలు.
నాకు ఒక ఎండకాలం సెలవులంత.
అక్కకు చెప్తే
"నలభై నిమిషాలకు ఇంత కథనా?" అన్నది.
తన్నలే. మోకాళ్లు సహకరించక.

ఇయ్యాల మోటరు వెయ్యలే.
అటక మీంచి అమ్మ బిందె దించిన,
పక్కన సొట్ట, అది నేను చేసిందే.
నల్లా కింద పెట్టిన.
గాలి వచ్చింది.
ఇఫ్రా కళ్లు నులుముకుంటూ వచ్చి
నా పక్కన గొంతుక్కూసున్నది.
"ఇంకెంత సేపు నానీ?"
ఏడోసారి.

నాకు అప్పుడే మెడకొచ్చినట్టు వినిపిస్తున్నది.
దానికి ఇంకా గాలే.

చీమలెన్నో చెప్పమన్న.
పదిహేడు దాకా వచ్చి
ఒకటి వెనక్కి తిరిగిందని
మళ్లీ మొదలుపెట్టింది.