ఒక్క వేలు

వారంల ఆరు రోజులు
మనుషులు కింద పడకుండ చూసుడే నా పని.
రూవీ నుంచి అల్ ఖువైర్ దాక పదిహేడు బిల్డింగులు,
ముప్పై ఒక్క లిఫ్టు.
మిషన్ రూముల ఒక చిన్న ఇనుప చక్రం ఉంటది,
లిఫ్టు వేగం మీరిందా
పండ్లు కొరికి పట్టుకుంటది.
నెలకొకసారి దాని దుమ్ము తుడిచి సంతకం పెడుత:
గుండేటి రాజలింగు, టెక్నీషియన్.

ఏడో రోజు
పన్నెండు రియాళ్లు కట్టి నేనే పడుత.

అక్క ఫోన్ల అడిగింది, "గెలిస్తె పైసలిస్తరా?"
ఇయ్యరు.
"ఓడితె?"
ఓడినా ఇయ్యరు.
"మరెందుకురా?"
నెట్‌వర్క్ పోయినట్టు చేసిన.

సైకిలు నా మంచం కింద పండుకుంటది.
దేశమిడిచి పోతున్న ఒక డచ్చి ఇంజనీరు సగం ధరకిచ్చిండు,
ఆ సగానికే నా ఏడాది ఓవర్‌టైం పోయింది.
ఫోర్కు మీద ఆయన గీతలేవో నా గీతలేవో
ఇప్పుడు తెల్వది.
చైను నూనె వాసనకు షిబు ముక్కు మూసుకుంటడు,
ఆయన ఎండు చాపలు వేయించిన రోజు
నేను మూసుకుంట.

శుక్రవారం, అజాన్ ఇంకా గాలిల ఉండంగనే
హమూద్ పికప్ వస్తది.
ఆయన బ్యాంకుల క్లర్కు. రోమెల్ సెలూన్ల కత్తెర పడుతడు.
వాది కబీర్ వెనుక కొండ
కాలిన పెంకు లెక్క, పచ్చి ఆకు లేదు.
ఈ కొండకు లిఫ్టు లేదు.
పదహారు కిలోల ఇనుమును నూకుకుంట, మోసుకుంట
నలభై నిమిషాలు ఎక్కాలె
నాలుగు నిమిషాలు దిగెటందుకు.
"నువ్వే పెట్టరాదు ఒకటి" అంటడు రోమెల్.
ప్రతి వారం గదే జోకు.
ఊపిరి మిగిలితె నవ్వుత.

ఇయ్యాల రేసు. నంబరు నలభై ఏడు.
మైకుల పిలిచినాయన నా పేరు కాడ ఆగిండు,
"రాజా... లింగో?"
ఏదో ఒకటి, నేనే.

నాకు భయం లేదనను.
సావు కన్న ముందు మెడ బొక్క యాదికొస్తది,
బొక్క ఇరిగితె లీవు, లీవుల కోత,
కోతల చిట్టి పైసలు.
హమూద్ నా హ్యాండిల్ మీద తట్టిండు:
"బ్రేకు మీద ఒక్క వేలే పెట్టు.
రెండో వేలు భయానిది."

బీప్.

రాళ్లు. పండ్లు కొట్టుకుంటున్నయి.
మడమలు కిందికి, మోచేతులు బయటికి,
చూపు చక్రం మీద కాదు, వచ్చే మలుపు మీద.
నల్లరాయి అంచు కాడ
రెండు చక్రాలూ నేలనిడిసినయి.

గక్కడ చప్పుడుండది.
పత్తాక కార్డు మీద రాసిన పని ఉండది.
కడుపు గొంతు దాక లేస్తది.
లిఫ్టుల గిదే అయితె
జనం నా నంబరుకే ఫోన్ చేస్తరు.

మూడో మలుపు కాడ
తొవ్వ నడుమ ఒక మేక.
సూపర్‌వైజర్ చూసినట్టు చూసింది.
రెండు వేళ్లూ పడ్డయి.
మోచేతి తోలు జరంత కొండకిచ్చిన.

నలభై తొమ్మిది మందిల ముప్పై ఎనిమిది.
పోయినసారి కన్న రెండు సెకన్లు నయం.
"మేక లేకుంటెనా" అన్నడు రోమెల్.
మేక ఉంటది గదా.
హమూద్ ఫ్లాస్కు తీసి చాయ్ పోసిండు,
గాయం మీద మూడు ఈగలు వాలినయి.

శనివారం పొద్దున పదకొండో అంతస్తు మేడం అడిగింది,
చేతికి ఆ కట్టు ఏందని.
మెట్ల మీద జారిన అన్న.
"లిఫ్టు ఎక్కకపోయినవా?" అన్నది.

ఇప్పుడు లిఫ్టు నెత్తి మీద నిలబడి
చీకట్ల మెల్లగ దిగుతున్నం, నేను, షిబు,
తాళ్లు చూసుకుంట, చేతుల టార్చ్.
పక్కపొంటి బరువు పైకి పోయింది.
షిబు టార్చ్ నా కాళ్ల మీద వేసిండు,
"ఏంది భాయ్, గట్ల నిలబడ్డవు?"

చూసుకున్న.
మడమలు కిందికున్నయి. మోకాళ్లు వంగినయి.
చూపుడు వేలు ఒక్కటి
గాలిల ముందుకు చాపి ఉన్నది.

మలుపొస్తుందన్న.