వక్కాకు సంచి

పలమనేరులో మబ్బు నేలకు దిగిన పొద్దు
బీరమ్మ తన కదురు నా చేతికిచ్చింది.
మూడుసార్లు పోగు తెగింది. నాలుగోసారి
కదురే దొర్లుకుంటా పోయింది గొర్రెల కాళ్ల కిందికి.

"ఉన్ని నీకేమన్నా బాకీ ఉందా మే,
అట్ల గుంజుతావు?"

బ్యాంకులో బాకీలు గుంజేదే నా పని.
చెప్పలేదు.

నెలకి ఒక ఉండ అయ్యింది,
కొంత జడపాయంత లావు, కొంత వెంట్రుక.
అక్షరం రాని బీరమ్మ
దాన్ని వేలితో తడుముతా చదివింది:
"ఈడ లారీ హారన్ కొట్టింది.
ఈడ నీకు నిదరొచ్చింది.
ఈడ..."
ఆగి, నా మొహం చూసి,
ఆ లావు ముడి మీద నుంచి వేలు జరిపేసింది.

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న క్రోషే సూదితో
గొలుసులు లెక్కపెడతా, తప్పుతా, విప్పుతా
ఆమెకని వక్కాకు సంచి అల్లినాను.
అల్లిక నేర్పిన పక్కింటి రోజ్‌లిన్ టీచరు
నవ్వాపుకోను నీళ్లు తాగింది.

బీరమ్మ అందులో ఆకులేసింది, వక్కలేసింది,
సున్నం డబ్బా వేసింది.
డబ్బా కన్నంలోంచి జారి
ఆమె పాదం మీదే పడింది.

తీసి, కొంగుతో తుడిచి,
ఈసారి ఆకులో చుట్టి వేసి
సంచి బొడ్లో దోపుకొని
గొర్రెలెనక పోయింది.