చెడిపోయిందేమీ లేదు

మూడోసారి వచ్చావు, నెర్గుయి.
మొన్న ఇంజన్ ఆగిపోతోందన్నావు,
నిన్న ఆగడం లేదన్నావు,
ఇవాళ ఏమంటావో విందామని
చేతులకంటిన నూనె తుడుచుకుని కూర్చున్నాను.
ముందు టీ తాగు. ఉప్పు సరిపోయిందా?

బయట సున్నాకి ముప్ఫైరెండు కింద.
ఉలాన్‌బాతర్ బొగ్గుపొగ కప్పుకుని పడుకుంది.
నీ బండి జపాన్‌లో ఎవరి దగ్గరో
పదకొండేళ్ళు కొలువు చేసి వచ్చింది.
స్టీరింగ్ కుడిపక్క, మాట జపనీస్.
బటన్ నొక్కగానే ఆడగొంతుతో రోజూ ఏదో అంటుంది,
ఇన్ని బండ్లు బాగుచేశాను గాని
దాని అర్థం ఎవర్నీ అడగలేదు.

సరే, విను.
ఎర్రదీపం దగ్గర అది ఊపిరి బిగబడితే
చచ్చిపోయిందనుకున్నావు.
వెనక లారీవాడు హారన్ మోగిస్తుంటే
బటన్ నొక్కీ నొక్కీ
నిజంగానే చంపబోయావు.
అద్దం కింద పచ్చటి అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి కదా,
అదే నాడి.
బ్రేకు మీద కాలు తీస్తే కదులుతుంది,
పిల్లి గోడ దిగినట్టు.

మరి ఈ చలిలో ఎందుకాగదంటావు.
వేడి బ్యాటరీ ఇచ్చేది కాదు తల్లీ,
ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ళది.
నువ్వు ఇరవైఆరు పెట్టావు.
ఫ్యాన్ విన్నది,
విని, నీళ్ళు కాగందే ఊదనని మొండికేసింది,
చల్లగాలి ముఖాన కొట్టడం మర్యాద కాదని.
ఆ అయిదారు నిమిషాలకే నువ్వు
హీటర్ పోయిందని నాకు ఫోన్ చేశావు.
నీళ్ళు కాగాయి, గాలి వచ్చింది.
వచ్చిన గాలి ఆ వేడిని కాస్తా తినేసింది,
ఇంజన్ మళ్ళీ లేచింది.
చక్రం తిరగలేదు, పెట్రోలు కాలింది.
ఎవరి కోసమంటావు?
నీ కాళ్ళ కోసం.

వేసవిలో దీని గుణం వేరు.
చల్లదనానికి ఇంజన్ అక్కర్లేదు, కరెంటు చాలు.
ఆగిన బండిలోనూ గాలి చల్లగా వస్తుంది,
బ్యాటరీ గీతలు రెండుకి దిగేదాకా.
అప్పుడు ఇంజన్ తనంతట తనే లేచి
నాలుగు నిమిషాలు సంపాదించి పెట్టి పడుకుంటుంది.
దానికి ఉలిక్కిపడి నా దగ్గరికి రాకు.

ఒక్కటి మాత్రం నీ తప్పే.
వెనకసీటు పక్కన చిన్న జల్లెడ ఉంది చూడు,
బ్యాటరీకి ముక్కు అది.
నీ గొర్రెతోలు కోటు తెచ్చి సరిగ్గా దానిమీదే పడేస్తున్నావు.
ఉన్నిపోగులు పట్టకారుతో లాగేసరికి
నా కళ్ళజోడు రెండుసార్లు జారింది.

నువ్వు గిన్నె కింద పెట్టి, చాలాసేపటికి అన్నావు:
"కాన్పుల వార్డులో పంతొమ్మిదేళ్ళు.
పుట్టగానే ఏడవని పిల్లలుంటారు.
మొదట్లో వణికిపోయి వీపు చరిచేదాన్ని.
కొందరు ఊరికే కళ్ళు తెరిచి
దీపం వంక చూస్తుంటారు, అంతే.
డొక్క ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది.
నాకీ పేరు ఎందుకు పెట్టారో తెలుసుగా.
నాకు ముందు ఇద్దరు పోయారు.
'పేరులేదు' అని పిలిస్తే
దయ్యం ఇక్కడెవరూ లేరనుకుని వెళ్ళిపోతుందట.
వెళ్ళిపోయినట్టే ఉంది,
నలభైమూడు నిండాయి."

నేనేమీ అనలేదు.
పట్టకారు దాని మేకుకి తగిలించాను.

డబ్బులేం వద్దు పో, చెడిపోయిందేమీ లేదుగా.
ఇంజన్ మీద కప్పే కంబళి మాత్రం కొనుక్కో.
పాత గుడారపు ఉన్ని, మా మరదలు కుట్టింది,
రాత్రిపూట వేడి కాస్త నిలుస్తుంది.
వచ్చే నెల ఇద్దువులే.

గేటు దాటి, మలుపులో ఆగింది నీ బండి.
పొద్దుట్నుంచీ నేను తిప్పి చూసిన వేడి
ఇంకా దాని ఒంట్లో ఉంది.
కోటు తొడుక్కున్నావు, హీటర్ కట్టేశావు కాబోలు,
వెనక తెల్లటి ఆవిరి వస్తూ వస్తూ
తెగింది.
ఒకటి, రెండు, మూడు, లెక్కపెట్టాను.
బ్రేకు దీపాలు ఎర్రగా అలాగే ఉన్నాయి.
వెనక బస్సువాడు హారన్ కొట్టాడు కూడా.
ఈసారి నువ్వు
బటన్ జోలికి పోలేదు.