ఉప్పు వెయ్యని కూర

బతికుంటే బలుసాకు తినొచ్చంటారు.
మా తిప్ప పేరులోనే బలుసు ఉంది.
నేను కాపురానికొచ్చి పదహారేళ్ళు,
ఒక్క బలుసు కొమ్మా చూళ్ళేదు.
మేం బతికింది ఇలకూర తిని.

వేట నిషేధం రెండు నెలలూ
పడవలు ఇసకలో బోర్లా పడుకుంటాయి.
మగాళ్ళు వలల్లో చిల్లులు వెతుకుతారు,
ఉన్నవీ, లేనివీ.
మా అత్త పేరంటాలు మాత్రం పాటు వేళ చూసుకుని
చీర మోకాళ్ళకి ఎగ్గట్టి
మడ చెట్ల వారన నడుస్తుంది.
వెనక నేను,
నా చంకలో సిల్వరు గిన్నె.

ఆకంటే ఆకులా ఉండదది.
బియ్యప్గింజకి నీరు పట్టినట్టుంటుంది,
నొక్కితే చిట్లుతుంది.
ఎండలు ముదిరితే కొమ్మంతా ఎర్రబారుతుంది.
"అది ఒద్దే, దానికి విసుగెత్తింది," అంటుంది అత్త.
చిగుళ్ళే గిల్లాలి.
వేరు కదిలిందా,
ఆవిడ చూసే చూపుకి గిన్నె బరువెక్కుతుంది.

ఒక నీళ్ళు ఉడికించి పారబోస్తుంది,
రెండో నీళ్ళు ఉడికించి పారబోస్తుంది.
పిండిన ముద్దలో చింతపండు, రొయ్యపొట్టు,
నాలుగు ఎండు మిరపకాయలు.
ఉప్పు డబ్బా వంక చూడదు.
కొత్తలో ఒకసారి నేను వేశాను.
ఆ కథ చెప్పుకుని వాడంతా ఇప్పటికీ నవ్వుతారు.

ముసలయ్య మావకి కామెర్లొచ్చినప్పుడు
మూడు పొద్దులు ఈ ఆకు పసరే పోసింది.
తగ్గింది పసరుతోనా, కాకినాడ సూదితోనా
ఆయనకే తెలీదు.
"ఏది డబ్బులడగలేదో దాంతో," అంటుంది అత్త.

తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి.
గట్టు మీద కాపలా కుర్రాడు
మంచివాడే, అడ్డం పెట్టలేదు.
"ఏరుకోండమ్మా, కలుపు పోతే మాకే మేలు," అన్నాడు.
కలుపు.
ఆ రోజు గిన్నె సగంలోనే ఇంటికొచ్చేశాం.

ఈ ఏడు తుఫాను లేదు, మబ్బైనా లేదు.
పున్నమి పోటుకి నీళ్ళు ఊరికే లేచొచ్చి
వీధిలో నిలబడి,
గుమ్మం దాటి, పొయ్యి చూసి వెళ్ళాయి.
మర్నాటి నుంచి చేతిపంపు నీళ్ళతో
టీ పెడితే పాలు విరుగుతున్నాయి.
మూడు వారాలకి
పొయ్యిగడ్డ పక్కన, తడారని మూలలో
ఇలకూర మొలిచింది.

రెండు మైళ్ళు బురద తొక్కి తెచ్చుకునేది
తనే నడిచొచ్చిందని పిల్లలు గంతులేశారు.
అత్త గొంతుక్కూచుని
ఒక్క ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంది.
చాలాసేపు ఉమ్మలేదు, మింగలేదు.
"లోపలికొచ్చేసిందే," అంది.
ఏమిటని నేనడగలేదు.

సాయంత్రం అదే వండింది,
చిగుళ్ళే గిల్లి, వేరు కదపకుండా.
ఒక నీళ్ళు, రెండో నీళ్ళు,
మూడో నీళ్ళు కూడా పారబోసింది.
పంపు నీళ్ళే ఉప్పయ్యాక
ఉప్పుని దేంతో కడుగుతాం?

కంచాల ముందు అందరం కూచున్నాం.
నా కథ ఆ పూట
ఎవరూ ఎత్తలేదు.