రెండు చెంచాల నీరు

కేజీహెచ్ వాలు ఎక్కేసరికే ఆయాసం.
పదహారో నంబరు చీటీ పట్టుకుని
ఎకో గది బయట బల్ల చివర
ముందుకు వంగి కూచున్నాడు పోలారావు.
వెనక్కి వాలితే ఊపిరాడదట.

ముప్పయ్యొక్క ఏళ్లు కార్పొరేషన్‌లో గెడ్డ మనిషి.
జ్ఞానాపురం నుంచి కాన్వెంటు జంక్షన్ దాకా
ఏ కల్వర్టు కింద ఎంత పూడికుందో
గెడ ముంచకుండా చెప్పేవాడట.

చల్లని జెల్లు పూసి ప్రోబు ఆనించాను.
తెర మీద గుండె.
దాని చుట్టూ నల్లగా, వెడల్పుగా నీరు.
ఫిషింగ్ హార్బరులో తాడు వదులైన బోటులా
గుండె అందులో ఊగుతోంది.

"ఏటమ్మా, నోపల వాన కురిసీసిందా?"

మేం చెప్పకూడదు. డాక్టరుగారు చెప్పాలి.
అయినా చెప్పాను:
గుండెకో సంచి ఉంటుంది తాతా,
అందులో ఎప్పుడూ రెండు చెంచాల నీరు,
రాసుకుని అరిగిపోకుండా.
కొత్తది ఊరుతూ ఉంటుంది, పాతది పోతూ ఉంటుంది.

"ఎటు పోద్ది?"

పన్నెండేళ్లుగా ఈ చీకటి గదిలో ఉన్నాను.
ఎందుకొచ్చిందని అడిగేవాళ్లే అందరూ.
ఎటు పోతుందని అడిగింది ఈయనొక్కడే.

వెంట్రుక కన్నా సన్నని కాలవలు తాతా,
గుండె గోడ మీదా, సంచి పొర మీదా.
వాటిలో పారేది నెత్తురు కాదు, లింఫు,
గంజి మీది తేటలా ఉంటుంది.
గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక నొక్కు,
ఊపిరి తీసినప్పుడల్లా ఒక లాగు,
అలా అలా జరుగుతుంది.
వెనక్కి మళ్లకుండా లోపల బుల్లి తలుపులు.
దారిలో అక్కడక్కడా గ్రంథులు...

"జాలీలు," అన్నాడు.

అవును, జాలీలు.
అన్నీ దాటి మెడ ఎముక కింద పెద్ద సిరలో పడుతుంది.

"సంద్రంలో."

సంద్రమే అనుకో.

ఆయన కళ్లు తెర మీంచి కదల్లేదు.
"అయితే జాలీ కాడ అడ్డడిపోనాది.
హుద్‌హుద్ మర్నాడు ఇలాగేనమ్మా,
వీధిలో మోకాల్లోతు నీరు. జనం వానని తిట్టీసినారు.
నాను కల్వర్టు కిందికి దూరి సూస్తే ఏటున్నాది?
పరుపు. డబుల్ కాట్ పరుపు.
లాగీసినాను. గంటలో వీధి తేలిపోనాది."
ఎవరైనా చూశారా తాతా?
"తేలిన వీధిని సూసినారు."

డాక్టరుగారొచ్చి సూది గుచ్చారు, నేను ప్రోబు పట్టుకున్నాను.
సీసాలో ఏడువందల మిల్లీ లీటర్లు, పలచటి టీ రంగు.
గ్రంథులు ఉబ్బాయి, క్షయ కావచ్చు, పరీక్షకి పంపుదామన్నారు.
సూదితో తీసింది ఈ పూటకే,
రేపటి నుంచి ఆ కాలవలే తోడుకోవాలి.
పోలారావు మొదటిసారి వెనక్కి వాలాడు,
వాలి, సీసా వంక చూసి,
"ఇంత ఒండ్రు మోసీనానా," అన్నాడు.

డ్యూటీ దిగి ఎన్ఏడీ బస్సెక్కాను.
జ్ఞానాపురం కల్వర్టు మీద ట్రాఫిక్.
ఇన్నేళ్లూ ముక్కు మూసుకుని దాటిన చోటు.
కిటికీలోంచి వంగి చూశాను.
నల్లటి నీరు, అందులో కొబ్బరి మట్ట ఒకటి.
అది కదులుతోందో లేదో తేలేలోపు
బస్సు కదిలింది.