గోరంత ఎరుపు

పగలంతా నేను మొఖాలు పెద్దగ జేస్త.
హన్మకొండ చౌరస్తల, మెట్లెక్కితే రెండో అంతస్తు.
ఫ్లెక్సు మిషను దడదడకు గోడ మీది క్యాలెండరు వణుకుతది,
సిరా వాసనకు చాయ్ గూడ పెయింటు లెక్కనే ఉంటది.
ఇరవై అడుగుల అన్నకు జన్మదిన శుభాకాంక్షలు.
కింద తమ్ముళ్లు వరుసగ, పాస్‌పోర్టు సైజుల,
ఒకని మొటిమ తీసెయ్యాలె, ఒకనికి మీసం దిద్దాలె.
మెజెంటా నూరు, పసుపు నూరు.
ఎవల జెండా ఎరుపైనా మా దగ్గర అదే ఎరుపు.

రాత్రి పదకొండింటికి రవళి ఫోను జేసింది.
"ఆరు పాటలు అయినయే అన్నా.
బొంతలు కట్టిన అర్రల పాడినం, మొగిలి డప్పు,
పక్కింటి కుక్క గూడ కొంచెం పడ్డది. అట్ట కావాలె."

అట్ట అంటే ఇప్పుడు అట్ట గాదు.
మూడువేల చుక్కలు అడ్డం, మూడువేల చుక్కలు నిలువు,
చివరికి వినేటోని ఫోన్ల గోరంత.
ఇరవై అడుగులు నింపుడు నాకు తెలుసు.
గోరంత జాగల ఏం పెట్టాలెనో ఎవలూ నేర్పలే.

తెల్లారి అయిదింటికి ఎనుమాముల పోయినం.
వాళ్లమ్మ సాంబలక్ష్మి ఆ యార్డుల
పదిహేడేండ్లు తాలు ఏరింది.
కెమెరా నాది గాదు, పెండ్లిళ్లు తీసే బావమరిదిది,
పట్టీకి ఇంకా అక్షింతల పసుపు.

బస్తాల నడుమ నిలవడి పాట అందుకున్నది పిల్ల.
గొంతు మీది నరం కనవడాలె, అదొక్కటే నా పట్టు.
ఇంతల ఎవలో తేజ బస్తా మూతి విప్పిండ్రు,
గాలి మామీదికి తిరిగింది.
ఆమెకు పొలమారింది,
నాకు తుమ్మొచ్చింది,
వేలు మాత్రం నొక్కింది.

నలభై ఒక్క ఫోటోలు సాఫుగ వచ్చినయి.
ఆ ఒక్కటి చెడింది.
మొఖం లేదు, దవడ దగ్గర ఒక గీత,
వెనుక మిర్చంతా కరిగి పారుతున్నట్టు,
నోటి ముంగట చెయ్యి.
అది నవ్వో దగ్గో తీసిన నాకే తెలువదు.

మూడు రాత్రులు సాఫు ఫోటోలతోటి కుస్తీ పట్టిన.
అలవాటు గదా,
గదుమ నున్నగ జేసిన, కండ్ల కింది నలుపు తీసిన,
తీసినకొద్దీ రవళి పోయి
వరుసల నిలవడ్డ తమ్ముడైంది.

సాంబలక్ష్మి చేతికి ఫోనిచ్చి ఒక్కొక్కటి జరిపినం.
అద్దాలు లేవు, దూరంగ పట్టి చూసింది.
చెడిన దాని దగ్గర ఆగింది.
"గిది మార్కెటు."
"మరి నేనేదే?" అన్నది బిడ్డ.
"దగ్గుతున్నవ్ గదనే. ఇనవడ్తలేదా?"

పాటలకు 'పొలమారింది' అని పేరు పడ్డది అప్పుడే.

కింద 'సాంబలక్ష్మి బిడ్డ రవళి' అని కొడితే
కంప్యూటర్ల వత్తులు ఊడి పక్కకు పడ్డయి.
రెండు గంటలు అతికిచ్చి, అతకక,
మట్టెవాడల లారీల మీద పేర్లు రాసే యాకూబ్ పాషా తానికి పోయిన.
బీడీ కింద పెట్టకుంటనే అట్టముక్క మీద రాసిండు.
మావత్తును లేగదూడ తోక లెక్క పైకి ఇడిసిండు.
పైసలు తీస్కోలే, పాట ఎట్లుంటదని అడిగిండు,
ఇనిపిస్తే సగంల లారీ వచ్చింది.

ఎరుపే నిలవలే.
నూరు నూరు పెడితే జెండా అయితున్నది.
పది పాళ్లు నలుపు కలిపిన, ఇంకో నాలుగు.
అప్పుడు ఎండింది.

మొదటి వారం ఇన్నోళ్లు రెండువందల పద్దెనిమిది.
అండ్ల నేనే పదకొండు సార్లు.
నా కూలి కింద తొడిమెలు తీసిన మిర్చి సంచి ఇంటికొచ్చింది,
మా ఆవిడ తుమ్ముకుంట డబ్బాలకు ఎత్తింది.

వానొస్తే ఎనుమాములల రాశుల మీద
పాత ఫ్లెక్సులే కప్పుతరు.
అన్న బుగ్గ గుంటల నీళ్లు నిలుస్తయి, కింద సరుకు తడవదు.
నా పని దేనికక్కెరకొస్తదంటే
ఇన్నేండ్లు ఇదే చెప్పుకున్న.

మొన్న బస్సుల పక్కసీటు పిలగాడు
ఫోను మీద బొటనవేలు జరుపుకుంట పోతున్నడు,
జరిపి, జరిపి,
గోరంత ఎరుపు దగ్గర ఆపిండు.
నొక్కుతడా అని మెడ సాపేలోపట్నే
కాజీపేట వచ్చింది.